శవం లేని పుస్తకంతో నూజివీడుకి

నూజివీడు వెళ్లొచ్చినవాళ్లు మామిడిపళ్ల గురించి తప్ప ఇంకేమీ చెప్పరు. నేనూ చెబుతాను, చెప్పకుండా ఎలా ఉంటాను? కాని నేను వెళ్లింది పళ్ల కోసం కాదు. సంచిలో రెండొందల పద్దెనిమిది పేజీల రాతప్రతి పెట్టుకుని, పంచాంగాలు అచ్చువేసే ఒక పెద్దమనిషికి నవల ఇవ్వడానికి వెళ్లాను. నవ్వేవాళ్లు ఇక్కడే నవ్వేయండి. మా ఆఫీసులో అందరూ ముందే నవ్వేశారు.

నేను బందరు కోర్టులో టైపిస్టుని. పగలు కోర్టు కాగితాలు టైపు చేస్తాను, సాయంత్రాలు డిటెక్టివ్ నవలలు రాస్తాను. బస్టాండు బడ్డీల్లో తాళ్లకు వేలాడుతుంటాయే, ఆ రకం. పంతొమ్మిది వచ్చాయి. ఇరవయ్యోది మాత్రం వేరే దారి పట్టింది. అందులో హత్య లేదు, ఇన్‌స్పెక్టరు లేడు. మా అక్క ఉంది. అమ్మా నాన్నా పోయాక పద్నాలుగేళ్ల వయసులో ఇడ్లీ బండి పెట్టుకుని నన్ను పెంచిన మా సీతక్క.

బెజవాడలో ముగ్గురు పబ్లిషర్లకు చూపించాను. మొదటాయన పది పేజీలు తిప్పి, "శవం ఎక్కడండీ?" అన్నాడు. రెండో ఆయన, "టీవీలొచ్చి ఉన్న పాఠకులే పోతుంటే మీరు ఇడ్లీల గురించి రాసుకొచ్చారా!" అన్నాడు. మూడో ఆయన చదవకుండానే తిరిగిచ్చి కాఫీ ఇప్పించాడు. కాఫీ బాగుంది, అబద్ధమెందుకు చెప్పాలి. ఆయన దగ్గర పనిచేసే కంపోజిటర్ మెట్ల మీద నన్ను ఆపాడు. "నూజివీడులో రామలింగయ్య గారని ఉన్నారండీ. పంచాంగాలు, వ్రతకథలు వేస్తారు. నవల ఎప్పుడూ వెయ్యలేదు గానీ, ఏదిచ్చినా మొత్తం చదివించుకుని వింటారు. మొత్తం వినేవాళ్లు ఇంకెవరున్నారండీ?" అన్నాడు.

అదీ సంగతి. ఆయన కూడా కాదంటే ఆ కాగితాల కట్టని అటకెక్కించి, ఇరవయ్యో శవాన్ని వెతుక్కోవాలని నిశ్చయించుకున్నాను.

బందరు

ఎనభై ఆరు మే నెల. కోర్టుకి వేసవి సెలవులు. తెల్లారి బయల్దేరుతుంటే అక్క పులిహోర డబ్బా చేతికిచ్చింది.

"ఈసారి ఎవర్ని చంపావురా?" అంది. అక్కకి చదువు రాదు. నా పుస్తకాల గురించి ఆమె అడిగేది ఆ ఒక్క ప్రశ్నే.

"ఎవర్నీ చంపలేదక్కా."

"మరైతే ఎవడు కొంటాడు?"

ముగ్గురు పబ్లిషర్లు చెప్పినదాన్ని అక్క ముక్తసరిగా ఒక్క మాటలో తేల్చేసింది. ఆ పుస్తకం ఎవరి గురించో ఆమెకి చెప్పలేదు. చెబితే, "సిగ్గులేదూ, ఇంటి సంగతులు ఊరంతా చెప్పుకుంటావా?" అని చీపురు తీసేది.

గుడివాడ దాటాక

గుడివాడలో ఎక్కిన ఒకాయన నా పక్కన కూర్చుని చేతిసంచిలోంచి పుస్తకం తీశాడు. చూద్దును కదా, నాదే! పదిహేడోది. ఎరువుల కొట్లో గుమస్తా అట. నేనెవరో చెప్పకుండా, "ఎలా ఉందండీ?" అని అడిగాను. ఛాతీ రెండంగుళాలు పెరిగిందని ఒప్పుకుంటున్నాను.

"పర్లేదండీ. మొదటి పేజీలోనే మనిషి పోయాడు. అలా పోవాలి. మొదటి పేజీలో శవం లేకపోతే ఆ పుస్తకం నేను ముట్టుకోనండీ," అన్నాడు.

అంతే, ఛాతీ మామూలు కొలతకి వచ్చేసింది. ఒళ్లో ఉన్న సంచిని గట్టిగా పట్టుకున్నాను. ఆయన నాకు సగం జామకాయ పెట్టాడు, నేను పులిహోర పెట్టాను. మంచి మనిషి. కాని ఆ మాట మాత్రం జంక్షన్ దాకా నన్ను వదల్లేదు.

హనుమాన్ జంక్షన్‌లో మూడు గంటలు

జంక్షన్‌కి ఫర్లాంగు దూరంలో మా బస్సు టైరు పేలింది. ఎండలో నడుచుకుంటూ వెళ్లేసరికి నూజివీడు బస్సు వెళ్లిపోయింది. తరవాతిది మూడు గంటల తరవాతట. రోడ్డు పొడవునా లారీలు, లారీల నిండా మామిడికాయల గంపలు. ఎండుగడ్డి, డీజిలు, కాయ కలిసిన వాసన. కాకా హోటల్లో భోజనం నాలుగు రూపాయలు. మా బందర్లో మూడున్నరే. కాని ఇక్కడ కొత్తావకాయ అడక్కుండానే రెండోసారి వేశారు కాబట్టి అర్ధరూపాయి సంగతి మర్చిపోయాను.

తిన్నాక భయం మొదలైంది. వినేది పంచాంగాలాయన. మొదటి పేజీలోనే ఆవులిస్తే? అలవాటైన చెయ్యి ఊరుకోలేదు. కాగితాలు తీసి, ఆ బల్ల మీదే, పుస్తకానికి ముందు అతకడానికి కొత్త ప్రకరణం మొదలుపెట్టాను. తెల్లవారుజామున మామిడితోట, చెట్టు కింద రక్తం, కాయలు కోసే చిక్కంకర్ర పక్కన ఒక శవం. ఆ శవం మా అక్క బండి దగ్గర అంతకుముందు రోజు ఇడ్లీ తిన్నవాడిది. ఎలా కుదిరింది! నాకే ముచ్చటేసింది.

ఏడో పేజీలో పెన్ను ఆగిపోయింది. హోటలాయన చూసి, చెవి మీదున్న తన పెన్ను తీసిచ్చాడు. "అర్జీ అండీ?" అన్నాడు.

"ఒక రకంగా అర్జీయేనండీ."

"అయితే బాగా రాయండి. పెన్ను ఉంచుకోండి, అర్జీ మధ్యలో సిరా ఆగితే పనవదు," అన్నాడు. టీకి డబ్బులు తీసుకున్నాడు గాని పెన్నుకి తీసుకోలేదు. ఇది రాస్తున్నది ఆ పెన్నుతోనే.

బస్సొచ్చేసరికి పన్నెండు పేజీల శవం తయారైంది.

నూజివీడు

బజార్లో అడుగుపెడితే కొట్టుకొట్టుకీ కాయలే. చిన్నరసాలు డజను ఆరు రూపాయలు. మా ఊళ్లో అదే డజను పదికి తక్కువ ఇవ్వరు, ఇచ్చినా రెండు మెత్తబడినవి కలుపుతారు. డజను కొనుక్కుని లాడ్జికి వెళ్లి, మేనేజర్ని కత్తి అడిగాను. మా ఇంట్లో ఏ పండైనా ముక్కలు కోసి పళ్లెంలో పెట్టుకుంటాం.

ఆయన లేచి నిలబడ్డాడు. "రసానికి కత్తేంటండీ! ఏ ఊరండీ మీది?"

బందరన్నాను. ఆయన జాలిపడి, ఒక పండు చేతిలోకి తీసుకుని, నలుదిక్కులా మెల్లిగా నలిపి, ముచిక దగ్గర గిల్లి మొదటి రసం పిండేసి నా చేతికిచ్చాడు. "ఇప్పుడు పీల్చండి. మాట్లాడకండి." మాట్లాడలేదు. మాట్లాడే స్థితిలో లేను.

మర్నాడు పొద్దున్నే రామలింగయ్య గారి పుస్తకాల కొట్టుకి వెళ్లాను. కొట్లో గుమస్తా తల అడ్డంగా ఊపాడు. "అయ్యగారు తోటలో ఉన్నారండీ. ఉగాది వెళ్లినప్పట్నుంచి వానలు పడేదాకా ఆయన కాయల వ్యాపారి. పుస్తకం ఊసెత్తితే కసురుకుంటారు. పోనీ మీరు దూరం నుంచి వచ్చారు కదా, వెళ్లి చూడండి," అని విస్సన్నపేట రోడ్డులో ఎక్కడ దిగాలో చెప్పాడు.

విస్సన్నపేట రోడ్డులో తోట

తోట మధ్యలో పెద్ద తాటాకు పందిరి. పదిమంది ఆడవాళ్లు కాయలు ఏరి గంపల్లో గడ్డి వేసి సర్దుతున్నారు. రామలింగయ్య గారికి డెబ్బై ఉంటాయి. పంచె, బనీను, భుజం మీద తువ్వాలు. ఎవరో రైతు ఎడ్లబండి మీద గంపలు తెచ్చి దించుతున్నాడు. నన్ను ఆగమని చెయ్యి చూపించి, ఆయన ఒక గంప దగ్గర కూర్చున్నాడు. పైవరసలో కాయలు నిగనిగలాడుతున్నాయి. ఆయన వాటివైపు చూడనే లేదు. చెయ్యి మోచేతిదాకా గంపలోకి దించి, అడుగునుంచి ఒక కాయ లాగాడు. తొక్కంతా మంగు పట్టి, ముడుచుకుపోయి ఉంది. రైతు నేలచూపులు చూశాడు.

"పైవరస ఎవరైనా బాగానే పేరుస్తారబ్బాయ్. కలిపెయ్. కలిపి మళ్లీ చూపించు," అన్నాడాయన. కోపమేం లేదు.

నా పని చెప్పుకున్నాను.

"నవలా? నేను పంచాంగాలు వేస్తానండీ. వ్రతకథలు వేస్తాను. పశువులకొచ్చే రోగాల మీద ఒకటేశాను, అది ఇప్పటికీ పోతోంది. నవల నా జన్మలో వెయ్యలేదు."

"తెలుసండీ. తెలిసే వచ్చాను."

"ఎందుకూ?"

"వేసేవాళ్లంతా కాదన్నారండీ."

ఆయన పకపకా నవ్వాడు. "సరే, కూర్చోండి. నాకు అక్షరం ఆనదు. కరుణమ్మ గారు చదువుతారు, నేను వింటాను."

కరుణమ్మ గారు మిషన్ స్కూల్లో తెలుగు టీచరు. సెలవుల్లో వచ్చే ఏడు పంచాంగానికి ప్రూఫులు దిద్దడానికి ఆ పందిట్లోనే ఒక కుర్చీ వేసుకుంటుంది. ఆవిడ కళ్లజోడు తుడుచుకుంటుంటే, నేను కంగారు దాచుకోవడానికి ఒక పచ్చికాయ తీసుకుని తొడిమ గిల్లాను. సొన చివ్వున చిమ్మి నా తెల్లచొక్కా మీద, గడ్డం మీద పడింది. ఆడవాళ్లంతా ఒక్కసారి గొల్లుమన్నారు. "సొన ఎరగరా బాబూ? కడుక్కోండి, కడుక్కోండి, పొక్కుతాది!" అని ఒకామె చెంబుతో నీళ్లు తెచ్చింది. ఆ మరక ఇప్పటికీ చొక్కాని వదల్లేదు.

కరుణమ్మ గారు చదవడం మొదలుపెట్టింది. మొదటి పేజీ, తోట, రక్తం, శవం. ఆహా, ఏం చదివిందండీ! గంపలు సర్దే చేతులు ఆగిపోయాయి. "అమ్మో!" అన్నారెవరో. నేను గడ్డం మంట మర్చిపోయి మీసం దువ్వుకున్నాను. పన్నెండు పేజీలూ అయ్యాయి. రామలింగయ్య గారు లేచాడు. "భోంచేద్దాం," అన్నాడు.

ఎవరి క్యారియరు వాళ్లదే, కాని ఆవకాయ జాడీ అందరికీ ఒకటే. మామిడికాయ పప్పు, పెరుగన్నంలోకి పెద్దరసం. కరుణమ్మ గారు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటుంటే, ఆయన కలిపిన ముద్దని చేతిలోనే పట్టుకుని ఆగాడు. ఆవిడ కళ్లు తెరిచాకే నోట్లో పెట్టుకున్నాడు. రోజూ అంతేనట, ఎన్నో ఏళ్లుగా.

తిన్నాక ఆయన నా కాగితాల కట్ట ఒళ్లో పెట్టుకున్నాడు. నేను చూస్తుండగానే బొటనవేలు కట్టలోకి దించి, అడుగునుంచి ఒక కాగితం లాగాడు. 

"ఇది చదవండమ్మా."

ఆవిడ చదివింది.

"రోజూ మొదటి వాయి దించగానే అక్క ఒక ఇడ్లీ నా చేతిలో పెట్టేది. 'ఉప్పు సరిపోయిందో లేదో చూసి చెప్పరా, పొద్దున్నే నా నోటికి రుచి తెలీదు' అనేది. నేను చాలా బాధ్యతగా తినేవాణ్ణి. ఒక్కోసారి, ఒకదాంతో తేలడం లేదక్కా అని రెండోది అడిగేవాణ్ణి. నేను సరే అనేదాకా అక్క బేరం మొదలుపెట్టేది కాదు. నేను లేకపోతే ఆ బండి నడవదనుకునేవాణ్ణి. రెండో తరగతిలో జ్వరమొచ్చి నాలుగు రోజులు పడుకున్నాను. ఐదో రోజు వెళ్లేసరికి బండి మామూలుగానే నడుస్తోంది. ఉప్పు సంగతి ఎవరూ అడగలేదట. ఆ రోజు కూడా అక్క ఇడ్లీ చేతిలో పెట్టి ఉప్పు చూడమంది. చూసి, సరిపోయిందన్నాను. ఆ తరవాత ఎప్పుడూ రెండోది అడగలేదు."

చివరి వాక్యం దగ్గర ఆవిడ ఆగింది. కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది. పందిట్లో ఎవరూ "అమ్మో" అనలేదు. ఇందాక నీళ్లు తెచ్చినామె కొంగుతో ముక్కు తుడుచుకుని మళ్లీ కాయలు ఏరుకుంది. ఆయన ఇంకో కాగితం లాగాడు, ఇంకోటి లాగాడు. మూడూ విన్నాడు.

"ఏవండీ, ఒకటడుగుతాను. ఆ మొదటి పన్నెండు పేజీలు ఎప్పుడు రాశారు?"

అబద్ధమాడాలనిపించింది. కాని ఆయన ఎదుట కూర్చుని ఆడలేకపోయాను. "నిన్న మధ్యాహ్నమండీ. జంక్షన్‌లో."

"అనుకున్నా. యాభై ఏళ్ల నుంచి గంపలు చూస్తున్నానండీ. అందరూ మంచికాయ పైన పేర్చి పుచ్చుకాయ కింద దాస్తారు. పుచ్చుకాయ పైన పెట్టి మంచికాయ కింద దాచినవాణ్ణి మిమ్మల్నే చూశాను!"

ఆడవాళ్లు మళ్లీ గొల్లుమన్నారు. సిగ్గుతో నా చెవులు వేడెక్కిపోయాయి.

"పైగా నా తోటలో శవమేంటండీ? కాయ అమ్ముడుపోవద్దూ? రేపు మధ్యాహ్నం రండి. మొత్తం వినకుండా మాటివ్వను."

వీణలు చేసేచోట

మర్నాడు పొద్దుట కాలు నిలవక ఊరంతా తిరిగాను. ఒక వీధిలో వీణలు చేస్తున్నారు. ఒకాయన పనసదుంగ ముందు కూర్చుని లోపలంతా ఉలితో తొలుస్తున్నాడు. ఎంతసేపు చూసినా తొలుస్తూనే ఉన్నాడు. "ఇంకా ఎంత తియ్యాలండీ?" అని అడిగాను.

"పలికేదాకానండీ," అన్నాడు తలెత్తకుండానే. వేలితో కొట్టి వినిపించాడు. కొద్దిగా పలికింది. మళ్లీ ఉలి తీసుకున్నాడు. నా పన్నెండు పేజీలు గుర్తొచ్చి అక్కణ్ణుంచి లేచి వచ్చేశాను.

మళ్లీ తోటకి

నేను వెళ్లేసరికి కరుణమ్మ గారు చివరి పేజీ మీద ఉంది. నన్ను బయట చెట్టు కింద కూర్చోమన్నారు. మా కోర్టు వరండాలో తీర్పు కోసం కూర్చునేవాళ్లని పదేళ్లుగా చూస్తున్నాను. వాళ్లు గోళ్లెందుకు కొరుక్కుంటారో ఆ పావుగంటలో తెలిసింది.

రామలింగయ్య గారు తువ్వాలు దులుపుకుంటూ బయటికి వచ్చాడు. "ఇది ఎవరు కొంటారో నాకు తెలీదండీ. నా దగ్గర పంచాంగం కొనేవాళ్లు నవల అడగరు. అయినా ఉగాదికి పంచాంగంతోపాటే అచ్చువేస్తాను. తిరనాళ్లలో అదే బల్ల మీద పెడతాను. పోతే పోతుంది, మిగిలితే నా కొట్లో ఉంటుంది. పైవరస మాత్రం తీసెయ్యాలి."

  వంగి ఆయన కాళ్లకి దణ్ణం పెట్టాను. "లే లే, కాయలు తొక్కుతావ్," అని నన్ను మొదటిసారి ఏకవచనంలో కసురుకున్నాడు. ఆ కసురు ఎంత బాగుందో చెప్పలేను.

వెళ్లేముందు ఒక గంప చిన్నరసాలు కట్టించాడు. "మీ అక్కగారికి," అన్నాడు. కాయలు సర్దుతుండగా గంప అడుగున, వరసల మధ్య పరిచిన కాగితాలు చూస్తే నా శవమే! పన్నెండు పేజీలూ గడ్డి మీద చక్కగా సర్దుకున్నాయి. ఎవరిని అడిగినా ముసిముసి నవ్వులే.

కరుణమ్మ గారు బస్సు దాకా వచ్చింది. నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి చేతిలో పెట్టింది. గుండ్రటి అక్షరాలతో ఆ ఇడ్లీ పేజీ మొత్తం ఎత్తిరాసింది. "అచ్చయ్యేదాకా ఆగకండి. ఇంటికెళ్లగానే ఆవిడకి చదివి వినిపించండి," అంది. దారిపొడవునా ఆ కాగితం చొక్కా జేబులో, సొన మరక పక్కనే ఉంది.

ఇంట్లో

అక్క గంప విప్పింది. కాయలు ఒక్కొక్కటే తీసి నీళ్ల బాల్చీలో వేస్తూ, కాగితం చేతికి రాగానే ఆగింది. చదవడం రాకపోయినా నా రాత గుర్తుపడుతుంది.

"ఇదేంటిరా, నువ్వు రాసిందేనా? పాపం, చించేశారా?"

"అది పనికిరానిదక్కా. పనికొచ్చేది ఇది." జేబులోంచి కాగితం తీసి, చాప మీద కూర్చుని చదివాను. చీపురు గురించి భయపడ్డాను గాని అక్క దానివైపు చూడలేదు. చేతులు బాల్చీ నీళ్లలోనే ఉన్నాయి. అంతా వింది.

"అయితే ఉప్పు వంకేనని నీకు తెలుసన్నమాట."

"తెలుసక్కా."

"అందుకేనా రెండోది అడగడం మానేశావు?" అంది.  "నా ఇడ్లీ నీకు మొహం మొత్తిందనుకున్నాను రా. ఇన్నేళ్లూ అదే అనుకున్నాను."

నాకు ఏడుపొచ్చింది. ఆమెకీ వచ్చింది. నీళ్ల చేతులతోనే కళ్లు తుడుచుకుని, బాల్చీలోంచి ఒక రసం తీసి, తుడిచి, నేను చెప్పినట్టే నలిపి, మొదటి రసం పిండేసి నా చేతిలో పెట్టింది.

"ఇదిగో, తియ్యగా ఉందో లేదో చూసి చెప్పు."

చూశాను. ఒకదాంతో తేలడం లేదక్కా, ఇంకోటివ్వమన్నాను.